మనుమలు, నీళ్లు, మనం
(వేసవి సెలవులకు ముందు నల్లగొండలో వయోవృద్ధుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఏప్రిల్ చివరి వారం వస్తే మన ఇళ్లలో సందడి మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి మనుమలు, మనుమరాళ్లు దిగుతారు. కొడుకూ కోడలూ, బిడ్డా అల్లుడూ పిల్లల్ని దింపి రెండో రోజే డ్యూటీలకు వెళ్లిపోతారు. ఆ నెలన్నర పిల్లల పూచీ మనది. తిండి, నిద్ర, ఎండదెబ్బ అన్నీ బాగానే చూసుకుంటాం. నీళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం మనలో రెండే రకాలు. ఒకరు "చెరువు దిక్కు పోయినవంటే కాళ్లు ఇరగ్గొడ్త" అంటారు. ఇంకొకరు "మా నాయన నన్ను బావిల తోసిండు, రెండు గుటకలు మింగినం, ఈత వచ్చింది" అని మీసం మెలేస్తారు. ఈ రెండూ పనికిరావని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

కాళ్లు విరగ్గొడతానంటే పిల్లగాడు పోవడం మానడు, మనకు చెప్పకుండా పోతాడు. వాడి వెంట పెద్దవాళ్లు ఉండరు, అదే ఈడు దోస్తులు ఉంటారు. ఇక బావిలో తోసే పద్ధతి. తోస్తే ఈత వచ్చినవాళ్లే ఇవాళ ఆ ముచ్చట చెప్తున్నారు. రానివాళ్లు చెప్పడానికి లేరు. పైగా ఆ రోజుల్లో కూడా బుద్ధిగల తండ్రులు ఎండిన సొరబుర్రో, ఖాళీ డబ్బానో వీపుకు కట్టి, నడుముకు తాడు కట్టి, ఆ తాడు తమ చేతిలో పట్టుకునే దింపేవాళ్లు. ఆ తాడు సంగతి మన కథల్లో ఎగిరిపోయింది.

5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు ప్రపంచవ్యాప్తంగా నీట మునగడం మూడో పెద్ద కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీళ్ల దగ్గర జాగ్రత్త, ఇంకొకరిని కాపాడే పద్ధతి నేర్పమని కూడా అదే సంస్థ సలహా. ఈత నేర్పే కోచ్‌లు పట్నంలో ఉన్నారు. మన దగ్గర ఉన్న నీళ్ల గురించి చెప్పేది మాత్రం మనమే.

అయితే ఒక చిక్కుంది. మనకు తెలిసిన నీళ్లు, ఇప్పుడున్న నీళ్లు ఒకటి కావు. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెప్తాను. మన చిన్నప్పుడు చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, దిగితే మడమల లోతు, మోకాళ్ల లోతు, నడుం లోతు అని మెల్లమెల్లగా లోతు తెలిసేది. ఇప్పుడు పూడిక తీసినచోట, ఇటుక బట్టీలకు మట్టి తోడినచోట జేసీబీ నిలువుగా కోసిన గుంతలు ఉన్నాయి. నీళ్లు నిండాక పైనుంచి చూస్తే అంతా ఒకటే మట్టం. నడుం లోతులో నిలబడి ఒక్క అడుగు వేస్తే తల మునిగే లోతు. "నేను పుట్టి పెరిగిన చెరువు, నాకు తెల్వదా" అనే తాత మాట నమ్మి పిల్లలు దిగుతారు. ఆ తాత ఆ చెరువులో దిగి ఎన్నేళ్లయిందో ఎవరూ అడగరు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడే పిల్లల్ని వెంటబెట్టుకుని కట్ట మీద తిరగండి. ఇదిగో గుంత, ఇదిగో తూము, ఇదిగో అలుగు అని చూపించండి. తూము తెరిచి ఉంటే దాని నోటి దగ్గర నీళ్లు లోపలికి లాగుతాయి, పైకి మాత్రం కదలిక కనిపించదు. అది వాళ్లకు తెలియాలి.

కాలువలు ఇంకో రకం. సాగర్ ఎడమ కాలువ గానీ, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ గానీ, పాలమూరు వైపు కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలు గానీ, లైనింగ్ చేసినచోట ఏటవాలు కాంక్రీటు, దాని మీద పాచి. చేతులు కడుక్కుందామని ఒక్క కాలు పెడితే జారుడు. పడ్డాక పట్టుకోవడానికి గరిక పోచ కూడా ఉండదు. అక్కడక్కడా మెట్లు కట్టి ఉంటాయి. కాలువ గట్టు మీద పిల్లలతో నడిచేటప్పుడు ఆ మెట్లు ఎక్కడున్నాయో గుర్తు పట్టించండి. పొరపాటున పడితే ప్రవాహానికి ఎదురీదవద్దు. వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకు పెట్టి, కొట్టుకుపోతూనే మెట్ల వైపు ఒరగాలి. వారబందీ, అంటే వంతులవారీగా నీళ్లు వదలడం, నడిచే రోజుల్లో నిన్న ఎండి ఉన్న కాలువ ఇవాళ నిండుగా పారుతుంది. సాగర్ నీళ్లు ఎత్తిపోసే పుట్టంగండి దగ్గర మోటార్లు నడిస్తే ఇక్కడ చుక్క వాన లేకపోయినా పానగల్లు ఉదయ సముద్రం చెరువులో నీళ్లు పెరుగుతాయి. ఆకాశం చూసి నీటిని అంచనా వేసే కాలం పోయింది.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. చదువుకున్న పిల్లలే. డ్యామ్ కింద నది ఎప్పుడైనా పొంగుతుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. సాగర్ కింద కృష్ణ కూడా అంతే, జూరాల కింద కూడా అంతే.

బావుల సంగతి మీకు కొత్త కాదు, వదిలేస్తాను. ఫారం పాండ్ మాట ఒక్కటి. ప్లాస్టిక్ షీటు వేసిన కుంటలోకి జారితే పెద్దమనిషి కూడా పైకి ఎక్కలేడు. మీ పొలంలో ఉంటే చుట్టూ కంచె వేయించండి, ఒక తాడుకు ముడులు వేసి గట్టు మీది దిమ్మెకు కట్టి లోపలికి వదలండి. తాడుకు పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు పడవ. పిల్లలకు పడవంటే సంబరం, అది తీర్చాల్సిందే. సాగర్‌లో నాగార్జునకొండకు లాంచీ ఎక్కించండి, కొల్లాపూర్ దగ్గర సోమశిలకు తీసుకెళ్లండి. నల్లగొండలో పుట్టి కృష్ణ మీద తేలకుండా పెరిగితే ఏం లాభం? కాకపోతే ఎక్కకముందే కొంత పాఠం ఇంట్లో అయిపోవాలి.

మీ ఇంట్లో పెద్ద టబ్బులో నీళ్లు పోసి ఒక స్టీలు గిన్నె వదలండి. అందులో గులకరాళ్లు వేయించండి. నడిమిట్లో వేసినంతసేపు గిన్నె నిమ్మళంగా ఉంటుంది. అన్నీ ఒక పక్కకు జరపమనండి, అంచు వంగి నీళ్లు లోపలికి వస్తాయి, గిన్నె బుడుంగున మునుగుతుంది. తర్వాత గిన్నె మధ్యలో నీళ్లసీసా నిలబెట్టమనండి, అదే సీసా పడుకోబెట్టమనండి. నిలబెడితే గిన్నె ఊగుతుంది, పడుకోబెడితే నిలకడగా ఉంటుంది. పడవలో ఎందుకు నిలబడొద్దో, మొసలి కనబడిందని అందరూ ఒకే పక్కకు ఎందుకు ఉరకొద్దో ఆరేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. వాళ్లే మనకు చెప్పడం మొదలుపెడతారు, కొంచెం విసిగిస్తారు కూడా.

ఇక ఈ లైఫ్ జాకెట్ చూడండి. వెనక వరుసకు కనబడుతోందా? లోపలి వైపు ఎంత బరువు మనిషికో రాసి ఉంటుంది. పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేస్తుంది, పిల్ల కిందికి జారుతుంది. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గదవ దాటి చెవుల దాకా వచ్చిందా, అది ఆ పిల్లది కాదు. చిన్న పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. చినిగి లోపలి స్పాంజి కనబడేది, కూర్చుని కూర్చుని అప్పడమైనది ఇస్తే మార్చమనండి. మొహమాటం వద్దు, టికెట్ కొన్నాం. గాలి నింపే ట్యూబులు, చేతులకు తొడిగే బుడగలు ఆటవస్తువులే.

అన్నిటికన్నా ముందు, జాకెట్ మనం వేసుకోవాలి. "నాకెందుకు బిడ్డా, నేను కృష్ణలో ఈది పెరిగిన" అని తాత చేతులు ఊపుకుంటూ కూర్చుంటే, ఒడ్డు దాటగానే మనుమడూ విప్పేస్తాడు. అమ్మమ్మలూ, చీర నలుగుతుందని అనకండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు బోటులో జాకెట్లు లేక కాదు, కొందరి ఒంటి మీదే ఉన్నాయి. అంతకు ముందు, 2007 జనవరిలో, మన పాలమూరు జిల్లాలోనే మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. ఆ వైపు ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మౌనంగా ఉండిపోతారు.

ఎక్కేటప్పుడు ఒక్కొక్కరుగా, పడవ మధ్యలో అడుగు పెట్టాలి. జనం ఎక్కువయ్యారని మీకు అనిపిస్తే దిగిపోండి. పిల్లల ముందు అలా దిగడం కూడా పాఠమే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటితే ఈదురుగాలి ఎప్పుడు లేస్తుందో తెలియదు, కాబట్టి పొద్దున పూటే వెళ్లండి. ఉరుము వినబడితే ఆ పూటకు పడవ లేదు. పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కితే అంచు మీద కాదు, అడుగున చతికిలబడి, చుట్టూ సమంగా కూర్చోవాలి. పుట్టి గిరగిరా తిరగడం దాని స్వభావం, దానికి భయపడి లేచి నిలబడితేనే ప్రమాదం. పడవ తిరగబడితే మాత్రం ఒడ్డు దగ్గర కనబడుతోందని ఈదొద్దు. బోల్తా పడిన పడవ చాలాసార్లు తేలుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకుని విజిల్ ఊదాలి.

మునిగేవాళ్లు సినిమాలో లాగా "కాపాడండి" అని అరుస్తారని పిల్లలు అనుకుంటారు, మనమూ అనుకుంటాం. అరవడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, కనబడని నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు ఆడుతుంటాయి. చప్పుడుండదు. నిమిషంలోపు అయిపోతుంది. అందుకే పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు ఫోన్ జేబులో ఉండాలి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు సాయంత్రం చూసుకోవచ్చు.

ఎవరైనా మునుగుతుంటే పిల్లలు నీళ్లలోకి దూకకూడదు. మనమూ దూకకూడదు. ఒకర్ని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం. కట్టె అందివ్వాలి, లేదంటే తాడు విసరాలి, పెద్దగా కేకలేయాలి. ఏమీ లేకపోతే బట్ట. 2020 ఆగస్టులో తమిళనాడులో పెరంబలూరు జిల్లా కొట్టరై డ్యామ్ దగ్గర నలుగురు యువకులు మునుగుతుంటే, ముగ్గురు ఆడవాళ్లు ఒంటి మీది చీరలు విప్పి విసిరి ఇద్దరిని బయటికి లాగారు.

ఒడ్డుకు తెచ్చాక మన ఊళ్లలో రెండు పాడు అలవాట్లు ఉన్నాయి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం ఒకటి, కాళ్లు పట్టి గిరగిర తిప్పడం ఇంకొకటి. రెండూ మానాలి. పోయేది ఊపిరి, ఇవ్వాల్సిందీ ఊపిరే. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదాలి. ఆపకుండా అదే వరస. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పిల్ల లేచి కూర్చుని మాట్లాడినా దగ్గు, ఆయాసం ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఇది వింటే రాదు, బొమ్మ మీద చేస్తేనే వస్తుంది. నేర్పేవాళ్లను పిలిపించమని మన సంఘం కార్యదర్శిగారిని అందరి ముందే అడుగుతున్నాను, ఇక తప్పించుకోలేరు. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. బీచుపల్లికో, వాడపల్లికో, మట్టపల్లికో మనుమల చేయి పట్టుకుని వెళ్లేది మనమే కదా.

టీ అయ్యాక ఆవరణలోకి రండి, మునిగేవాళ్లకు తాడు విసరడం నేర్చుకుందాం. పొడుగు తాడుకు ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా కట్టి తెచ్చాను. తేలికగా ఉంటే గాలికి పక్కకు పోతుందని డబ్బాలో అడుగున కొంచెం నీళ్లు పోశాను. గేటు దగ్గర ముగ్గుపిండితో గీత ఉంది. తాడు రెండో కొసను కాలి కింద తొక్కిపట్టడం మరిచిపోవద్దు, లేకపోతే డబ్బాతో పాటు తాడూ పోతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లు చేయి పైకెత్తక్కర్లేదు, కింది నుంచి ఊపి విసరండి, అంతే దూరం పోతుంది.