ఖర్రా కోసం నోరు గుంజినప్పుడు: కొన్ని నిమిషాల శ్వాస సాధన

నమస్తే అండీ, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. ఖర్రా, అంటే వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్ది నోట్లో పెట్టుకునేది, మానాలనుకునేవాళ్ళకి ఈ పాఠం. ముందు ఒక్క మాట, ఈ వీడియోని స్పీడ్ పెంచి చూడకండి. ఒకటిన్నర స్పీడులో పెడితే శ్వాస లెక్క మొత్తం పోతుంది. నార్మల్‌లో పెట్టారా? సరే.

కూర్చోండి. కుర్చీ, మంచం, అరుగు, ఏదైనా పర్లేదు. పద్మాసనం అక్కర్లేదు. నడుము నిటారుగా, భుజాలు వదులుగా, ఇదిగో ఇట్లా. నోట్లో ఖర్రా ఉంటే ఉమ్మేసి, నోరు పుక్కిలించి రండి. వీడియో పాజ్ చేసుకోండి.

ఒక చేయి పొట్ట మీద. గాలి తీసుకుంటే చేయి ముందుకి రావాలి, వదిలితే లోపలికి పోవాలి. చూస్తున్నారు కదా? అంతే. ఇది అందరికీ వచ్చేస్తుంది, ముందుకి పోదాం.

ఇప్పుడు లెక్క. అంకెకి ఒక సెకను చొప్పున, ముక్కుతో నాలుగు అంకెలు తీసుకోవాలి, నోటితో ఆరు అంకెలు వదలాలి. స్క్రీన్ మీద నీలం గీత పైకి పోతే తీసుకోండి, కిందికి దిగితే వదలండి. తీసుకోండి... ఒకటి, రెండు, మూడు, నాలుగు. వదలండి... ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. మళ్ళీ. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. హడావుడి లేదు.

ఇగో, ఇక్కడ ఆగుదాం. అసలు తేడా వచ్చేది ఇక్కడే, నాకు కూడా ఇది చాలా ఆలస్యంగా తలకెక్కింది. "గట్టిగా ఊపిరి తీసుకో" అని చిన్నప్పటి నుంచి విన్నాం కదా, అందుకని అందరూ ఛాతీ నిండా లాగుతారు. నాలుగైదు సార్లు అట్లా లాగితే తల తిరుగుతుంది, వేళ్ళు జుమ్‌జుమ్మంటాయి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గితే అట్లాగే అవుతుంది. అప్పుడు టెన్షన్ ఇంకా పెరుగుతుంది, చేయి జేబులోని పొట్లం మీదికే పోతుంది. కాబట్టి తీసుకునేది మామూలుగా, ఇంకా చెప్పాలంటే కొంచెం తక్కువగానే. పని జరిగేది వదిలేటప్పుడు. పెదాలు కొంచెం సున్నాలా చుట్టి, సాసర్‌లో చాయ్ ఊదినట్టు. చాయ్ ఒలకొద్దు. అంత మెల్లగా.

నమ్మకం లేదా? మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. బొటనవేలితో కాదు, ఈ రెండు వేళ్ళతో, చూపుడు వేలు, మధ్యవేలు. దొరికిందా? ఇప్పుడు గాలి తీసుకోండి, నాడి కొంచెం తొందర పడుతుంది. వదలండి, నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరం, ఊపిరి వదిలేటప్పుడు గుండెకి బ్రేకు వేస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకి బాగా తెలుస్తుంది, పెద్దవాళ్ళకి తక్కువ తెలుస్తుంది. తెలియకపోతే వదిలేయండి, లెక్క మాత్రం నాలుగు, ఆరు.

ఆరు కష్టమైతే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి. వదిలేది పొడుగ్గా ఉంటే చాలు. కపాలభాతి, అదే పొట్ట లోపలికి కొడుతూ గబగబా గాలి వదిలే ప్రాణాయామం, చేయొచ్చా అని అడుగుతుంటారు. దీనికోసం అది వద్దు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు అసలే వద్దు.

రెండో భాగం, ధ్యానం. కళ్ళు మూసి ఏదో దేవుడి వెలుగు చూడమని చెప్పను. పాన్ ఠేలా దగ్గర ప్లాస్టిక్ పన్నీలో వక్క, పొగాకు, సున్నం వేసి బరబరా రుద్దుతున్న చప్పుడు గుర్తు చేసుకోండి. చేసుకున్నారా? ఇప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూడండి. ఖర్రా పెట్టుకునే ఆ బుగ్గలోనా? నాలుక కిందా? నీళ్ళు ఊరుతున్నాయా? చూడండి, అంతే. తిట్టుకోవద్దు, ఆపొద్దు. ఊపిరి వదులుతూ ఉండండి. మామూలుగా ఆ గుంజుడు కొన్ని నిమిషాలు పెరిగి, దానంతటదే దిగుతుంది. అలన్ మార్లాట్ అనే అమెరికా సైకాలజిస్ట్ వ్యసనాలు మానేవాళ్ళకి ఇదే చెప్పాడు, కోరికతో కొట్లాడకుండా దాన్ని చూస్తూ దాటమని.

టైమర్ సంగతి. యాప్‌లు బోలెడు ఉన్నాయి, నాకు నచ్చవు. సంతూర్ వాయించి "రిలాక్స్" అంటారు, నడుమ యాడ్ వస్తుంది. ఫోన్‌లో మామూలు టైమర్ ఐదు నిమిషాలకి పెట్టి, వైబ్రేషన్‌లో తొడ కింద పెట్టుకోండి, అయిపోయినప్పుడు తెలుస్తుంది. ఇంకోటి, నోరు గుంజినప్పుడే మొదటిసారి చేస్తే కుదరదు. పొద్దున ఏ కోరికా లేనప్పుడు రోజూ చేయాలి.

మానిన మొదటి రెండు మూడు రోజులు ఎక్కువ కష్టం, చిరాకు, నిద్ర రాదు. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నోట్లో ఏదో ఉండాలి అనిపిస్తే సోంపు, లవంగం. పొగాకు తీసేసి ఉత్తి వక్క నమలొచ్చు కదా అంటారు, వద్దు. ఉత్తి వక్క కూడా అలవాటు చేస్తుంది, అది కూడా క్యాన్సర్ కారకమే.

మూడు వేళ్ళు ఇట్లా నిలువుగా పళ్ళ నడుమ పెట్టి చూడండి. పట్టకపోతే, బుగ్గ లోపల తెల్ల మచ్చ ఉంటే, కారం తగిలితే మంట పుడితే, శ్వాస సాధన పక్కన పెట్టి ముందు పళ్ళ డాక్టర్ దగ్గరికి పోండి.

తాగుడు సంగతి వేరు, ఇది గట్టిగా చెప్తున్నా. మన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, అయినా ఇప్పసారా ఎక్కడ దొరుకుతుందో, వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు ఎవరు పోతారో నేను చెప్పేదేముంది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ కూడా రావొచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. మీ బాపుకో, కాకాకో అట్లా అయితే పక్కన కూర్చోబెట్టి నాలుగు, ఆరు అని లెక్కపెట్టించొద్దు, వెంటనే దవాఖానకి తీసుకుపోండి. మందులతో మాన్పిస్తారు, శ్వాస సాధన తర్వాత.

స్క్రీన్ మీద రెండు నంబర్లు ఉన్నాయి, రెండూ ఉచితం. పొగాకు మానడానికి 1800-11-2356. మనసు బాగాలేకపోతే టెలిమానస్, 14416, మన భాష ఎంచుకోవచ్చు. ఇదే పాఠం మరాఠీలో మా అక్క చేసింది, లింక్ కింద పెట్టాను. నీలం గీత మాత్రమే ఉన్న ఐదు నిమిషాల వీడియో కూడా పెట్టాను, మాటలు లేవు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మన దగ్గర నెట్ సంగతి తెలిసిందే కదా.