సూర్యుణ్ణి చూడటానికి ఎన్ని అంగుళాల టెలిస్కోప్ కావాలి?

అందరికీ నమస్కారం. టెలిస్కోప్ కొనేవాళ్ళు ముందుగా అడిగేది "ఎన్ని అంగుళాలది తీసుకోమంటారు?" అని. రాత్రి ఆకాశానికైతే మీ బడ్జెట్ ఒప్పుకున్నంత పెద్దది కొనండి అంటాను. సూర్యుడి విషయంలో లెక్క వేరు. వచ్చే వెలుగులో లక్షో వంతు మాత్రమే వదిలే ఫిల్టర్ పెట్టి చూస్తాం కదా, ఇంక కాంతి చాలదనే మాటెక్కడిది?

పెద్ద అపర్చర్‌తో (వెలుగును పట్టే లెన్స్ లేదా అద్దం వెడల్పు అది, మనం అంగుళాల్లో చెప్పేదదే) వచ్చే అసలు లాభం సన్నటి వివరాలు విడివిడిగా కనిపించడం. 60 మి.మీ. లెన్స్ సుమారు 2 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం) వివరం చూపిస్తుంది, 100 మి.మీ.ది 1.2, 200 మి.మీ.ది 0.6. సూర్యుడి మీద ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు 725 కి.మీ. అక్కడి గ్రాన్యూల్స్, అంటే ఉపరితలం మీద గింజల్లా కనిపించే వేడి వాయువు పొంగులు, ఒక్కొక్కటి సుమారు వెయ్యి కి.మీ. వెడల్పు. కాబట్టి 60లో ఉపరితలం కాస్త గరుకుగా అనిపిస్తే, గాలి నిలకడగా ఉన్న పూట 100లో ఆ గింజలు తెలుస్తాయి. మరి 200లో ఇంకా బాగా కనబడాలి కదా? చాలా రోజులు కనబడవు. గాలి కనబడనివ్వదు.

ఎండకు నేల కాగి, వేడిగాలి పైకి లేస్తుంది. ఏప్రిల్‌లో పదకొండింటికి మన డాబా మీద నుంచి చూస్తే సూర్యబింబం అంచు మరుగుతున్న ఎసరులా కదులుతుంటుంది. పగటి గాలి మామూలుగా 2, 3 ఆర్క్ సెకన్ల కంటే సన్నటి వివరాన్ని నిలవనివ్వదు. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ చెరువు మధ్య దీవిలో కట్టింది ఇందుకే. నీళ్ళు నేలలా తొందరగా వేడెక్కవు. హవాయిలో 4 మీటర్ల సౌర టెలిస్కోప్ ఉంది, నిజమే. కానీ దానికి అద్దాన్ని చల్లబరిచే ఏర్పాటూ, గాలి కదలికను క్షణక్షణం సరిదిద్దే యంత్రాంగమూ ఉన్నాయి. మన దగ్గర అవేవీ లేవు. మనం చేయగలిగింది పొద్దున్నే చూడటం, కాంక్రీట్ వదిలి గడ్డి మీద పెట్టుకోవడం.

నన్నడిగితే 80 నుంచి 100 మి.మీ. రిఫ్రాక్టర్ (అద్దం కాకుండా లెన్స్ ఉండే టెలిస్కోప్) చాలు. మిగిలిన డబ్బు మంచి ఫిల్టర్‌కి పెట్టండి. జర్మనీలో ష్వాబే అనే మందుల వ్యాపారి చిన్న టెలిస్కోప్‌తోనే 1826 నుంచి సూర్యుడి మీది మచ్చలు లెక్కపెట్టి, అవి కొన్నేళ్ళకోసారి పెరిగి తగ్గే చక్రాన్ని 1843లో ప్రకటించాడు. ఇంట్లో ఎనిమిదంగుళాలది (200 మి.మీ.) ఇప్పటికే ఉంటే అమ్మేయక్కర్లేదు. టెలిస్కోప్ ముందువైపు పెట్టే అట్ట మూతకు ఓ పక్కన 60 మి.మీ. రంధ్రం చేసి, దాని మీద సోలార్ ఫిల్మ్ (సూర్యుణ్ణి చూడటానికే చేసిన ఫిల్టర్ రేకు) బిగించండి.

వేడి సంగతీ చెప్పాలి. ఫిల్టర్ లేకుండా కాగితం మీద బింబం పడేసేటప్పుడు 60 మి.మీ. లెన్స్ 3 వాట్ల దాకా లోపలికి పంపుతుంది, 200 మి.మీ.ది 30 వాట్లు. అందుకే ఆ పద్ధతి చిన్న రిఫ్రాక్టర్‌తోనే. చవక టెలిస్కోప్‌లతో ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్‌కు) బిగించే నల్ల గాజు ఇస్తారే, దాన్ని పారేయండి. వేడికి పగిలితే కన్ను పోతుంది. ఫిల్టర్ ఎప్పుడూ ముందువైపే ఉండాలి.

బయట గడ్డి మీద 80 మి.మీ.ది సిద్ధంగా ఉంది. పిల్లలు ముందు రండి.