పాదాలు వేయించాలా?

అక్క: మొదలైందా? సరే. ఈసారి విషయం, ఇంట్లో పెట్టుకోవడానికి చేత్తో వేయించుకునే రినైజాన్స్ కాలపు మతచిత్రాల కాపీలు. ఏది ఎంచుకోవాలి, ఎంత సైజు, ఆర్డరిచ్చే ముందు ఏమడగాలి.

తమ్ముడు: నీలం గురించి ఎన్నో నిమిషంలో ఎత్తుకుంటావు?

అక్క: పది నిమిషాలు ఆగుతాను. ఒట్టు.

తమ్ముడు: నీ ఒట్లు మన వాళ్లందరికీ తెలుసులే. ముందు సైజు. లియొనార్డో డావిన్చి వేసిన లాస్ట్ సప్పర్, అదే యేసుప్రభువు శిష్యులతో చేసిన చివరి భోజనం బొమ్మ, అసలు గోడ మీద 8.8 మీటర్ల వెడల్పు, 4.6 మీటర్ల ఎత్తు. ఇంటికని 88 సెంటీమీటర్ల కాన్వాసు చెప్పారనుకో, పదో వంతు. అందులో ముఖం బొటనవేలంత కూడా ఉండదు. అంత చోటులో పదమూడు ముఖాలు, పదమూడు మనసులు. చేయి తిరిగినవాళ్లకే కష్టం. అదే రఫాయేల్ వేసిన మడోన్నా డెల్లా సెజ్జోలా తీసుకో, మరియమ్మ ఒడిలో బాలయేసు ఉన్న బొమ్మ. గుండ్రటి బొమ్మ, అడ్డంగా కొలిస్తే 71 సెంటీమీటర్లే. అసలు సైజులోనే ఇంట్లో పడుతుంది.

అక్క: తల్లి తల బిడ్డ తలకి ఆనుకుని ఉంటుంది చూడు. ఆ మోకాలి మీద నీలం...

తమ్ముడు: రెండు నిమిషాలు కూడా కాలేదక్కా!

అక్క: సరే, సరే. ఒక శ్రోత ప్రశ్న పంపారు. లాస్ట్ సప్పర్ కాపీ వేయిస్తున్నారట. యేసుప్రభువు పాదాలు వేయమనాలా, వద్దా?

తమ్ముడు: వద్దు. అసలు దాంట్లో లేవు.

అక్క: లేకపోవడం వేరు, తీసేయడం వేరు. 1652లో ఆ బొమ్మ ఉన్న మిలాన్ మఠం వాళ్లు భోజనశాల గోడలో తలుపు కోసం కింద తొలిచేశారు. సరిగ్గా పాదాలున్న చోట.

తమ్ముడు: పోయాయి కదా. పోయినదాన్ని ఊహించి వేస్తే అది కాపీ ఎలా అవుతుంది?

అక్క: ఊహ దేనికి? 1520 ప్రాంతంలో లియొనార్డో శిష్యుడు జంపియెత్రీనో దాదాపు అసలు సైజులో వేసిన కాపీ ఉంది. లండన్ రాయల్ అకాడమీ వాళ్లది. తలుపు పెట్టడానికి వందేళ్ల ముందుది. అందులో పాదాలున్నాయి. ప్రభువుని పట్టిచ్చిన యూదా చేయి తగిలి ఒరిగిపోయిన ఉప్పు గిన్నె స్పష్టంగా ఉంది. లియొనార్డో తడి సున్నం మీద కాకుండా పొడి గోడ మీద వేశాడు కాబట్టి ఆయన బతికుండగానే రంగు రాలడం మొదలైంది. 1999లో ముగిసిన మరమ్మతు ఇరవై ఏళ్లకు పైగా సాగింది, దానికీ ఈ కాపీనే చూసుకున్నారు.

తమ్ముడు: ఆ కాపీ కూడా పూర్తిగా లేదు. పైన మూడో వంతు పోయింది.

అక్క: అదే నేననేది! దీంట్లో కింద పోయింది, దాంట్లో పైన పోయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మొత్తం కనిపిస్తుంది.

తమ్ముడు: కనిపించేది మూడో బొమ్మ. లియొనార్డోదీ కాదు, జంపియెత్రీనోదీ కాదు. దాన్ని గోడకి తగిలించుకున్నవాళ్లు అసలు ఇలాగే ఉందనుకుంటారు. నాకు అది నచ్చదు. గోడకి జరిగిన గాయం కూడా ఆ బొమ్మ కథే.

అక్క: గాయం చూడాలంటే మిలాన్ వెళ్తారు. ఇంట్లో దాని ముందు ప్రార్థన చేసుకుంటారురా. ఆ రాత్రే కదా ఆయన శిష్యుల పాదాలు కడిగింది. కడిగిన చేతులు బల్ల మీద ఉన్నాయి. ఆయన పాదాల చోట తలుపు.

(కాసేపు మౌనం)

తమ్ముడు: ఈ మాట ఎప్పుడూ అనలేదు నువ్వు.

అక్క: అమ్మ అనేది. మనింట్లో ఉన్నది అచ్చు బొమ్మేగా, ఆ చోట ఉత్త గోధుమరంగు. అద్దం తుడిచేటప్పుడు తడిగుడ్డ అక్కడ ఆపేది. మిగతాదంతా చకచకా తుడిచేసేది.

తమ్ముడు: నాకు ఆ గుడ్డ గుర్తుంది.

అక్క: మరి?

తమ్ముడు: నా మాట మారలేదు. కానీ వేయించుకుంటే కాన్వాసు వెనక రాయించాలి, పాదాలు ఫలానా కాపీ చూసి వేసినవని. వేసినవాళ్ల పేరు, సంవత్సరం కూడా.

అక్క: రాయించు. దానికి వద్దన్నదెవరు?

తమ్ముడు: ఇక ఆర్డర్ సంగతి త్వరగా చెప్పేద్దాం. చేత్తో వేశామని చెప్పి, ప్రింటు మీద పారదర్శకమైన జెల్ బ్రష్షుతో పూసి పంపేవాళ్లున్నారు. బొమ్మని పక్క వెలుతురులో పెట్టి చూడండి. బ్రష్షు గీతలు ముక్కు వంపునీ, బట్ట మడతనీ పట్టించుకోకుండా ఒకేలా సాగిపోతుంటే అనుమానించాలి. తర్వాత భూతద్దం. సన్నటి చుక్కలు కనిపిస్తే అది ప్రింటే.

అక్క: నువ్వు ప్రతిసారీ చెప్పే ఆ భూతద్దం!

తమ్ముడు: అవును, అదే భూతద్దం.

అక్క: పది నిమిషాలు దాటాయి, ఇప్పుడు చెప్తాను. నాకొచ్చిన కాపీలో మరియమ్మ పైవస్త్రం ఒకే నీలం, గోడకి రంగు కొట్టినట్టు చదునుగా ఉంది. చూస్తే ఏడుపొచ్చింది. 1485లో ఫ్లోరెన్స్ చిత్రకారుడు గిర్లండాయోతో రాసుకున్న ఒప్పందంలో నీలం ఔన్సుకి నాలుగు ఫ్లోరిన్ల రకం, అంటే నాలుగు బంగారు నాణేల రకం, వాడాలని పెట్టారు. అప్పుడది అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల రాయి నూరి తీసిన రంగు. 1820ల చివర్లో తయారీ నీలం వచ్చేసింది, ఇప్పుడు రంగు దొరకదనే సాకు లేదు. కావలసింది ఓపిక. కింద లేత రంగు ఆరాలి, దాని మీద నూనెలో పలచగా ఒక పొర, అది ఆరాక ఇంకోటి. వెలుతురు లోపలికి దిగి తిరిగొస్తేనే ఆ లోతు. వారంలో ఇచ్చేస్తామంటే నమ్మకండి. పూర్తిగా ఆరకుండా వార్నిష్ కూడా వేయించకండి, నెలలు పట్టినా ఆగండి.

తమ్ముడు: దేవదూత గబ్రియేలు రెక్కల ప్రశ్న కూడా ఉంది...

అక్క: అది మళ్లీ చూద్దాం. ఒరేయ్, అమ్మ బొమ్మ ఎవరి దగ్గరుంది?

తమ్ముడు: నా దగ్గరే.

అక్క: కొలత తీసి పంపు.

తమ్ముడు: ఫ్రేముతోనా?

అక్క: ఫ్రేము లేకుండా. కింద ఆ గోధుమరంగు ముక్క విడిగా కొలువు.