వెల్లుల్లి వింతగా పెరిగిందా? మందు కొట్టే ముందు ఇది చూడండి

[తెర మీద: పక్కపక్కన మూడు వింత గడ్డలు]

నమస్తే. ఇంట్లో వెల్లుల్లి వేసినవాళ్లు అడిగే ప్రశ్నలు చూడండి. "గడ్డ కోస్తే లోపల రెబ్బలే లేవు, విత్తనం నకిలీదా?" "గడ్డ భూమిలో ఉండాలి కదా, కాడ మధ్యలో ఉబ్బిందేంటి?" "ఒక్క రెబ్బ పెడితే గుబురుగా పది పిలకలు లేచాయి, ఏ తెగులు?" ఈ మూడూ తెగుళ్లు కావు. దేనికీ మందు లేదు, అక్కర్లేదు కూడా. అసలు చికాకు ఎక్కడంటే, మూడింటికీ ఒకటే సలహా వినబడుతుంది: "కాస్త యూరియా వెయ్యండి." యూరియా అంటే నత్రజని ఎరువు. ఆ గుబురు పిలకలకి నత్రజని ఎక్కువవడమే ఒక ముఖ్య కారణం అండీ! నిప్పు మీద నూనె పోస్తున్నారు.

రెబ్బ ఎలా పుడుతుందో తెలిస్తే మిగతాదంతా సులువు.

[క్లోజప్: రెబ్బని నిలువునా కోసి చూపించాలి]

ఇదిగో, బయట ఎండు పొర. దాని లోపల ఈ తెల్లటి కండ మొత్తం ఒకే ఒక్క ఆకు, తిండి దాచుకోవడానికి లావెక్కిన ఆకు. దాని మధ్యలో లేత పచ్చగా కనిపిస్తోందే, అది మొలక. అడుగున ఈ గట్టి బిళ్ల నుంచే వేర్లొస్తాయి. అంటే ప్రతి రెబ్బా అన్నీ అమర్చుకున్న ఒక పూర్తి మొక్క. తల్లి మొక్క ఆకుల మొదట్లో, ఆకుకీ కాండానికీ మధ్య సందులో మొగ్గగా మొదలవుతుంది.

దీన్ని వేరుకాపురం అనుకోండి. మొక్క పెద్ద ఇల్లు. ఆకు సందుల్లో మొగ్గలు పిల్లలు. ఒక సమయం వచ్చాక ఎవరి గది వాళ్లు కట్టుకుని, తిండి నింపుకుని, తలుపేసుకుంటారు. అలా తలుపేసుకున్న గదే రెబ్బ. ఈ పంపకాలకి రెండు కబుర్లు అందాలి. ఒకటి చలి: చాలా రకాలకి 10 డిగ్రీల సెల్సియస్ లోపు ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి, వేడి ప్రాంతాల రకాలకి అంత అక్కర్లేదు. చలి "విడిపోండి" అంటుంది. రెండోది పగటి పొడవు: చలి తర్వాత పగళ్లు పెరిగి, వాతావరణం వెచ్చబడితే "గది నింపుకోండి" అని అర్థం. ఇందులో ఏ కబురు తప్పినా గడ్డ ఆకారం మారిపోతుంది.

మొదటిది ఒంటిరెబ్బ గడ్డ. చలి కబురు అందలేదు, పగటి కబురు మాత్రం అందింది. పిల్లలెవరూ విడిపోలేదు గానీ ఇల్లు మాత్రం నిండింది. అందుకే గుండ్రంగా ఒకే ముద్ద. ఆలస్యంగా నాటినా, మరీ చిన్న రెబ్బ పెట్టినా, నీడలోనో కలుపులోనో మొక్క నీరసించినా ఇదే జరుగుతుంది. శుభ్రంగా తినొచ్చు, ఒలవడం కూడా తేలిక. లేదా దాచి వచ్చే సీజన్‌లో నాటండి. రెబ్బ కంటే అందులో నిల్వ ఎక్కువ కాబట్టి, చలి సరిగ్గా దొరికితే మామూలుగా రెబ్బలు విడుతుంది. పారేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మీ చోట చలికాలం వెచ్చగా ఉంటుందా? నాటే ముందు గడ్డల్ని విడదీయకుండా కాగితం సంచిలో వేసి ఆరు వారాలు ఫ్రిజ్‌లో పెట్టి, తీసిన వెంటనే నాటండి. కానీ "చలి మంచిదట" అని నెలల తరబడి ఉంచేయకండి. ఎందుకో ఇప్పుడు చెప్తా.

రెండోది గుబురు పిలకలు. తల్లి కాండం పక్కనుంచి సన్నటి ఆకులు గుంపుగా పైకొస్తాయి.

[క్లోజప్: గుబురు మొక్క మెడ, ఆకుల మధ్య నుంచి వచ్చిన పిలకలు]

ఇక్కడ పిల్లలు విడిపోయారు, కానీ తలుపేసుకుని నిద్రపోవాల్సినవాళ్లు అప్పుడే పొయ్యి వెలిగించేశారు. రెబ్బలు గడ్డలో ఉండగానే మొలిచేశాయి. తిండంతా ఆకులకి పోయింది. గడ్డ వంకరటింకరగా, పైపొర చినిగి, రెబ్బలు బయటికి తోసుకొస్తాయి. కారణాల్లో ముందు వరసలో ఉండేవి రెండు: విత్తనాన్ని 5 డిగ్రీల లోపు చాలా కాలం నిల్వ చేయడం, గడ్డ ఊరే సమయంలో నత్రజని పడటం. దానికి తోడు ఎక్కువ నీళ్లు, మరీ ఎడంగా నాటడం, మరీ ముందుగా నాటడం.

కాబట్టి ఎరువు ముందే వెయ్యాలి. నాటేటప్పుడు చివికిన కంపోస్టు, ఆకులు జోరుగా వస్తున్నప్పుడు ఒకటి రెండు సార్లు కొంచెం నత్రజని. మట్టి కాస్త తొలగించి చూస్తే కాండం అడుగు ఉబ్బడం మొదలైందా? ఎరువు డబ్బా మూసేయండి. మొక్కకీ మొక్కకీ 10 నుంచి 15 సెంటీమీటర్లు, లోతు సుమారు 5 సెంటీమీటర్లు. ఒకసారి గుబురు మొదలయ్యాక వెనక్కి తిప్పలేం. పిలకలు పీకితే లోపల రెబ్బలకి గాయం, ఆపై కుళ్లు. వదిలేయండి. గడ్డ వచ్చాక ముందు వాటినే వాడేయండి, నిల్వకి ఆగవు.

మూడోది కాడ మధ్యలో ఉబ్బు. పూకాడ రాని మెత్తమెడ రకాల్లో వస్తుంది. ఉన్నట్టుండి చలి విరుచుకుపడటమో, ఎండ మండిపోవడమో, నీళ్లు అందకపోవడమో జరిగితే మొక్క పూకాడ వేయడం మొదలుపెట్టి సగంలో ఆగిపోతుంది. ఆగినచోట బుల్లి రెబ్బలు కడుతుంది. కింద గదులు చాలక అటక మీద కాపురం పెట్టినట్టు! కాడ చీలి, ఊదారంగు బుల్లి రెబ్బలు బయటపడతాయి. కింద గడ్డ మామూలుగానే ఉంటుంది, కాస్త చిన్నది కావచ్చు. ఈ బుల్లివి తినొచ్చు, నాటొచ్చు. నాటితే మొదటి ఏడాది సాధారణంగా ఒంటిరెబ్బే వస్తుంది, మంచి గడ్డకి రెండు మూడేళ్లు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

రెండు గడ్డలు వీపులు అంటుకుని, లోపలివైపు చదునుగా ఉన్నాయా? మీరు పెట్టిన రెబ్బలో రెండు మొలకలున్నాయి, అంతే. నాటేటప్పుడు కవల రెబ్బల్ని పక్కన పెట్టండి.

గట్టిమెడ రకాల్లో పూకాడ రావడం సహజం. ఒక చుట్టు తిరగగానే తుంచేయండి, గడ్డ లావెక్కుతుంది. తుంచింది వంటకి.

గడ్డ పువ్వులా విచ్చుకుపోయిందా? తవ్వడం ఆలస్యమైంది. ప్రతి ఆకు మొదలూ గడ్డకి ఒక పొర. ఆకులన్నీ ఎండేదాకా ఆగితే పొరలూ మట్టిలోనే కుళ్లిపోతాయి. కింది ఆకులు మూడో వంతు నుంచి సగం దాకా ఎండగానే తవ్వండి, అంతకు రెండు వారాల ముందు నీళ్లు ఆపండి.

మరి నిజమైన తెగులు ఎలా ఉంటుంది? ఆకారం కంటే అడుగు బిళ్ల చూడండి. అక్కడ తెల్లటి బూజు, అందులో గసగసాలంత నల్లటి చుక్కలుంటే అది తెల్లకుళ్లు. ఆ నల్ల గింజలు మట్టిలో 20 ఏళ్లకు పైగా బతుకుతాయి. బిళ్ల మెత్తబడి గడ్డ నుంచి ఊడిపోతూ, మొక్క ఉబ్బి మెలికలు తిరిగితే నులిపురుగుల్ని, అంటే మొక్కల్ని తినే కంటికి కనపడనంత సన్నటి పురుగుల్ని, అనుమానించాలి. రెండిట్లో ఏదైనా సరే, కంపోస్టులో వేయకుండా సంచిలో కట్టి పారేయండి. అందులోంచి విత్తనం తీయొద్దు, ఆ మడిలో ఉల్లి జాతి ఏదీ వేయొద్దు. పారకి అంటిన మట్టి కడిగాకే పక్క మడిలోకి వెళ్లండి.