పెన్సిల్వేనియాలో ఇన్ని సంఘాలు ఎందుకు?

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. గుంటూరులో పుట్టి, చాలా ఏళ్లుగా పెన్సిల్వేనియాలో ఉంటున్న చరిత్ర ఉపాధ్యాయులొకరు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఒక్క రాష్ట్రంలోకి ఇన్ని క్రైస్తవ శాఖలు ఎలా వచ్చి చేరాయండీ?

అతిథి: దాని మూలం 1681లో ఉందమ్మా. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్, విలియం పెన్ తండ్రికి తీర్చవలసిన బాకీ కింద ఈ నేలను పెన్‌కు రాసిచ్చాడు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ విశ్వాసం కోసం జైలుకు వెళ్లివచ్చిన మనిషి కనుక, తన వలసలో ప్రభుత్వ చర్చి ఉండకూడదని, ఆరాధన విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని పెన్ నిశ్చయించాడు. ఆ స్వేచ్ఛ సంపూర్ణమైనది కాదు. 1701 నాటి శాసనం ప్రకారం కూడా క్రీస్తును ఒప్పుకొన్నవారికే ప్రభుత్వ పదవులు దక్కేవి. అయినా ఆ కాలానికి అది చాలా పెద్ద మాట. మెన్నొనైట్లు, లూథరన్లు, ప్రెస్బిటేరియన్లు తరలివచ్చారు. బెత్లెహేము అనే ఊరు 1741లో మొరేవియన్ శాఖవారు నిలిపినదే.

నిర్వాహకురాలు: లాంకాస్టర్ ప్రాంతంలో పాతకాలపు నిరాడంబర జీవితం గడిపే ఆమిష్ క్రైస్తవులు వేలల్లో ఉన్నా, వారి చర్చి కనబడదంటారు?

అతిథి: పాత పద్ధతి పాటించే ఆమిష్‌వారు చర్చి భవనమే కట్టరు. రెండు వారాలకొక ఆదివారం ఒక్కొక్కరి ఇంట్లో ఆరాధన జరుగుతుంది. మన పెళ్లిళ్లకు బల్లలు తెప్పించుకున్నట్టు, సంఘానికి చెందిన బల్లలు గుర్రపుబండిలో ఆ ఇంటికి చేరతాయి. దాదాపు మూడు గంటల ఆరాధన, ఆ తరువాత అందరికీ భోజనం. ఇల్లు పట్టనంతగా జనం పెరిగితే సంఘాన్ని రెండుగా విడదీస్తారు.

నిర్వాహకురాలు: ఫిలడెల్ఫియాలోని మదర్ బెతెల్ చర్చి గురించి మీరు తరచూ చెబుతుంటారు.

అతిథి: చెప్పకుండా ఉండలేనమ్మా. అక్కడి సెయింట్ జార్జ్ మెథడిస్ట్ చర్చిలో మోకాళ్లూని ప్రార్థిస్తున్న నల్లవారిని, ఆ చోటు వారిది కాదంటూ, ప్రార్థన ముగియకుండానే లేపబోయారు. అందరూ కలిసి బయటికి నడిచారు. వారిలో ఉన్న రిచర్డ్ అలెన్ బానిసగా పుట్టి, తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నవాడు. పాత కమ్మరి కొట్టం ఒకదాన్ని తన స్థలానికి లాగించి, 1794లో దానిలోనే ఆరాధన ప్రారంభించాడు. అదే మదర్ బెతెల్. ఆ ఆస్తిపై అజమాయిషీ కోసం తెల్ల మెథడిస్టులు ఏళ్ల తరబడి పట్టుబట్టగా, కోర్టు తీర్పు 1816లో అలెన్ సంఘానికి అనుకూలంగా వచ్చింది. ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ శాఖ ఏర్పడినది ఆ సంవత్సరమే. సిద్ధాంతంలో తేడా లేదు. తేడా అంతా ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే వచ్చింది. ఎవరి చోటు ఏదో కులం నిర్ణయించే ఊళ్లో పెరిగినవాణ్ణి కనుక, దీన్ని చీలిక అనడానికి నాకు మనసొప్పదు.

నిర్వాహకురాలు: మన గుంటూరుకు ఈ రాష్ట్రంతో ఉన్న సంబంధం కూడా చెప్పండి.

అతిథి: 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌ను పంపినది పెన్సిల్వేనియా లూథరన్ల సంఘమే. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పుట్టిన ఆర్డ్‌మోర్, ఫిలడెల్ఫియా పక్కనే ఉంది. ఆమె వైద్యం చదివినది ఆ నగరంలోనే, 1930లో కన్నుమూసినది గుంటూరులో.

నిర్వాహకురాలు: మా అమ్మమ్మగారు పుట్టినది కుగ్లర్ ఆసుపత్రిలోనే, మాస్టారూ.

అతిథి: నేనూ అక్కడే పుట్టానమ్మా.