మ్యాథ్ నైట్‌లో చింతపిక్కలు

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. అమెరికాలో పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ స్కూల్లో, చదివిస్తున్న తెలుగు వాళ్ళందరి కోసం ఈ ఎపిసోడ్. ఈ ఆగస్టులో మా పాప కిండర్‌గార్టెన్‌లో చేరింది. అప్పటి నుంచి నా ఫోన్‌కి స్కూలు మెసేజ్‌లే మెసేజ్‌లు. మీట్ ద టీచర్ అంటారు, కరిక్యులమ్ నైట్ అంటారు, బుక్ ఫెయిర్ అంటారు. దేనికి వెళ్ళాలో, దేనికి వెళ్ళకపోయినా ఫర్వాలేదో తెలియడం లేదు. అందుకే మా వీధిలోనే ఉండే అక్కని పిలిచాను. డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాం మేమిద్దరం. అక్క పెద్దబ్బాయి హైస్కూల్లో, చిన్నమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నారు. అక్కా, రండి.

అతిథి: నమస్తే తమ్ముడూ. అందరికీ నమస్తే.

వ్యాఖ్యాత: మీరు మొదటి నుంచీ ఇలా స్కూల్ పనుల్లో ముందుండేవారా?

అతిథి: లేదు తమ్ముడూ. మా పెద్దాడి మొదటి సంవత్సరం అక్టోబర్‌లో ఒక కాగితం వచ్చింది. పేరెంట్ టీచర్ కాన్ఫరెన్స్, ఫలానా రోజు, ఫలానా టైమ్, 20 నిమిషాలు అని. నేను చదువుకున్న తెనాలిలో నాన్నని స్కూలుకి రమ్మన్నారంటే ఏదో తప్పు చేశానని అర్థం. మా వాడు బాగానే చదువుతున్నాడు కదా, మనకెందుకులే అని పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రం టీచర్ ఫోన్ చేశారు. మీకోసం ఎదురు చూశాను, రేపు ఉదయం స్కూలు మొదలయ్యే ముందు వస్తారా అని అడిగారు. గొంతులో కోపం లేదు. మర్నాడు వెళ్తే మా వాడి రాత కాగితాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి ఉంచారు. ఆగస్టులో రాసిన పేరు, అక్టోబర్‌లో రాసిన పేరు పక్కపక్కన పెట్టి చూపించారు. మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక్కడే కూర్చుంటున్నాడని కూడా అప్పుడే చెప్పారు. అది నాకు ఇంట్లో ఎలా తెలుస్తుంది చెప్పు?

వ్యాఖ్యాత: వాడు చెప్పలేదా?

అతిథి: ఐదేళ్ళ పిల్లాడు. ఏం చేశావురా ఈ రోజు అంటే, ఏం లేదు అంటాడు. అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెప్తాను. ఇంకేది వదిలేసినా కాన్ఫరెన్స్ మాత్రం వదలొద్దు. పిల్లాడికి ఎన్ని మార్కులు వచ్చాయని అడగొద్దు, అవి ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. ఎవరితో ఆడుతున్నాడు, చెయ్యెత్తి ప్రశ్నలు అడుగుతున్నాడా, దేనికి భయపడుతున్నాడు, ఇవి అడగండి.

వ్యాఖ్యాత: మొన్న మా అమ్మ ఫోన్‌లో ఒక మాట అంది అక్కా. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ స్కూళ్ళన్నిట్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూల్‌కి వెళ్ళారు. మా పిన్ని కూడా మనవడి స్కూలుకి వెళ్ళి టీచర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడిందట. జన్మలో మొదటిసారి అని మురిసిపోయిందట.

అతిథి: ఎంత మంచి మాట! ఆ కుర్చీలో కూర్చోవడమే అన్నిటికంటే పెద్ద సంగతి. ఇక్కడ అమ్మానాన్నలు ఆ కుర్చీ కోసం వందేళ్ళకి పైగా పని చేశారు. పీటీఏ అని అమ్మానాన్నలూ టీచర్లూ కలిసి నడిపే సంఘం ఉంది కదా, అది 1897 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో తల్లుల సభగా మొదలైంది. ఆలిస్ మెక్‌లెల్లన్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు పెట్టారు. చాలా రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకి వేరే స్కూళ్ళు ఉండేవి కదా, వాళ్ళ అమ్మానాన్నల కోసం సెలీనా స్లోన్ బట్లర్ అట్లాంటాలో మొదలుపెట్టిన పని 1926లో జాతీయ సంఘమైంది. ఆ రెండూ 1970లో గానీ ఒక్కటి కాలేదు. నేను పీటీఏలో సభ్యత్వం తీసుకున్నప్పుడు ఇదంతా తెలియదు. తెలిశాక ఆ కార్డు మీద గౌరవం పెరిగింది.

వ్యాఖ్యాత: స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఏమిటో కూడా ఒకసారి చెప్పండి. జిల్లా అనుకునేవాళ్ళు ఉన్నారు.

అతిథి: మన జిల్లా లాంటిది కాదు. ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ. టెక్సాస్‌లో వెయ్యికి పైగా ఉన్నాయి. చాలా వాటికి ఊరి పాలనతో సంబంధం ఉండదు, స్కూళ్ళ కోసమే విడిగా ఉంటాయి. బోర్డు సభ్యుల్ని మనలాంటి వాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు, ఎక్కువ చోట్ల ఏడుగురు. వాళ్ళకి జీతం లేదు. ఇంటి మీద కట్టే పన్నులో పెద్ద భాగం స్కూలుకే పోతుంది. అద్దెకున్న వాళ్ళు కూడా ఆ అద్దెలోనే కడుతున్నట్టు. వీసా మీద ఉన్నాం, మనకి ఓటు లేదు, మనదేముంది అనుకుంటారు కొందరు. ఓటు లేకపోయినా బోర్డు మీటింగ్‌కి వెళ్ళొచ్చు, పేరిచ్చి మాట్లాడొచ్చు.

వ్యాఖ్యాత: సరే, క్లాసు సంగతికి వద్దాం. మా పాప టీచర్ మిస్టరీ రీడర్‌గా వస్తారా అని అడిగారు. ఎవరు వస్తున్నారో పిల్లలకి ముందే చెప్పరు, రోజుకొక క్లూ ఇస్తారు. నేను తలుపు తీయగానే మా పాప మొహం చూడాలి అక్కా! పది నిమిషాల కథ చదవడానికి ఆఫీసులో రెండు గంటలు సెలవు పెట్టాను. ఆ రెండు గంటలు ఇంకెక్కడ పెట్టినా అంత ఆనందం రాదు.

అతిథి: నాన్నలు రావాలి తమ్ముడూ. గట్టిగా చెప్తున్నాను. క్లాసు పార్టీకి వెళ్తే పది మంది అమ్మలుంటే ఇద్దరు నాన్నలుంటారు. ఆఫీసు కాల్స్ ఉంటాయి, నిజమే. కానీ క్యాలెండర్ ఆగస్టులోనే వస్తుంది. కనీసం సెమిస్టర్‌కి ఒక రోజు ముందే రాసి పెట్టుకోవచ్చు.

వ్యాఖ్యాత: మీ అత్తగారి చింతపిక్కల సంగతి చెప్పండి. ఈ ఎపిసోడ్‌కి మిమ్మల్ని పిలిచిందే అందుకు.

అతిథి: చెప్తాను, చెప్తాను. ఇక్కడ స్కూలు మొదలై 100 రోజులైతే పండగ చేస్తారు. జనవరి చివరలోనో ఫిబ్రవరి మొదట్లోనో వస్తుంది. పిల్లలు నూరేళ్ళ ముసలివాళ్ళలా తయారై వస్తారు, కళ్ళజోడు, చేతికర్ర, తలకి తెల్ల పౌడరు. ఏదైనా ఒక వస్తువు 100 తీసుకురమ్మంటారు. మిగతా పిల్లలు బటన్లు, పూసలు, స్టిక్కర్లు తెస్తారు. ఆ ఏడాది మా అత్తయ్య మాతో ఉన్నారు. పులుసులో చింతపండు పిసికినప్పుడల్లా వచ్చిన పిక్కలు ఆవిడ కడిగి, ఎండబెట్టి, ఒక డబ్బాలో దాచేవారు. నేను పారేయమనేదాన్ని. అవే లెక్కపెట్టి, పదేసి చొప్పున పది చిన్న సంచులు కట్టి మనవరాలికి ఇచ్చారు.

వ్యాఖ్యాత: పది పదులు నూరు. వాళ్ళు నేర్పేది కూడా అదే కదా!

అతిథి: అదే! టీచర్‌కి ఆ సంచులు ఎంత నచ్చాయో. ఇవేం గింజలు, వీటితో ఏం చేస్తారు అని అడిగారు. మా అమ్మాయి, మా నాయనమ్మ వీటితో ఆట ఆడుతుంది అని చెప్పేసింది. నెల తర్వాత ఫ్యామిలీ మ్యాథ్ నైట్ ఉంది, కుటుంబాలన్నీ స్కూలుకి వచ్చి లెక్కల ఆటలు ఆడతాయి, ఒక టేబుల్ మీ అమ్మమ్మగారికి ఇస్తాం, వస్తారా అని టీచర్ దగ్గర్నుంచి ఈమెయిల్. నాయనమ్మ అని తర్వాత నేర్పించాంలే. మా అత్తయ్య ముందు ససేమిరా అన్నారు. నాకు ఇంగ్లీషు రాదు, అంతమందిలో నేనేం మాట్లాడతాను అని. నేనన్నాను, అత్తయ్యా, మీరు మాట్లాడకండి, ఆడించండి చాలు.

వ్యాఖ్యాత: అష్టాచెమ్మా.

అతిథి: అష్టాచెమ్మా. నాలుగు పిక్కల్ని ఒక పక్క గచ్చు మీద తెల్లగా వచ్చేదాకా అరగదీశారు. ఇక్కడ గచ్చు ఎక్కడుంది, గ్యారేజ్ ముందు కాంక్రీటు మీద కూర్చుని గీశారు. అట్టముక్క మీద ఐదు అడ్డం ఐదు నిలువు గళ్ళు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, ఎనిమిది. మొదట ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. కాసేపటికి టేబుల్ చుట్టూ నిలబడటానికి చోటు లేదు. కొరియన్ తాతగారు ఒకాయన వచ్చి, మా దగ్గర నాలుగు కర్రలు విసిరి ఇలాగే ఆడతాం అని చేతులతో చూపించారు. యూట్ అంటారట. ఆయనకీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆయనా మా అత్తయ్యా పావుగంట ఆడారు. మధ్యలో ఎవరూ అనువాదం చెయ్యలేదు.

వ్యాఖ్యాత: అబ్బ!

అతిథి: ఇక్కడ టీచర్ చేసిన పని నాకు చాలా నచ్చింది. పక్కన బోర్డు పెట్టి ప్రతి విసురూ పిల్లల చేత గీతలు గీయించారు. ఒకటి ఎన్నిసార్లు, రెండు ఎన్నిసార్లు, అష్ట ఎన్నిసార్లు. రెండు పక్కలూ సమానంగా పడే పిక్కలైతే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు పడే దారులు 6, ఒకటికి 4, మూడుకి 4, చెమ్మకి ఒకటే, అష్టకి ఒకటే. మరి మన బోర్డు మీద అలాగే వచ్చిందా అని అడిగారు. సరిగ్గా అలా రాలేదు, ఎందుకంటే అరగదీసిన పక్క చదునుగా ఉంటుంది, రెండో పక్క ఉబ్బుగా ఉంటుంది. నాలుగో తరగతి పిల్లలు ఆ కారణం వాళ్ళే కనిపెట్టారు. ప్రాబబిలిటీ అనే మాట నేను ఇంటర్‌లో బట్టీ పట్టాను. ఆ రోజు చింతపిక్కల దగ్గర అర్థమైంది.

వ్యాఖ్యాత: మన ఇళ్ళలో ఎంత ఉందో కదా పట్టుకెళ్ళడానికి. ఒక ప్రశ్న వచ్చింది అక్కా. ఒక అమ్మ రాశారు, నాకు ఇంగ్లీషులో మాట్లాడాలంటే టెన్షన్, కాన్ఫరెన్స్‌కి మా అబ్బాయినే వెంటబెట్టుకుని మాట్లాడిస్తాను అని.

అతిథి: అమ్మా, ఆట దగ్గర పిల్లలు చెప్పినా ఫర్వాలేదు, కాన్ఫరెన్స్‌లో మాత్రం వద్దు. వాడి గురించి వాడి చేతే చెప్పించడం వాడికీ బరువే. ఫెడరల్ డబ్బు తీసుకునే స్కూళ్ళకి 1964 పౌర హక్కుల చట్టం వర్తిస్తుంది. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకి ముఖ్యమైన విషయాలు అర్థమయ్యే భాషలో చెప్పే బాధ్యత స్కూలుది. దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. కొన్ని రోజుల ముందే, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి అని ఒక లైను ఈమెయిల్ పెట్టండి. మనిషి దొరక్కపోతే ఫోన్‌లో కలుపుతారు. అడగడానికి సిగ్గుపడొద్దు.

వ్యాఖ్యాత: డబ్బు విషయంలో కూడా ఏదో నియమం ఉందన్నారు మీరు?

అతిథి: పేద పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూళ్ళకి టైటిల్ వన్ అని ఫెడరల్ నిధులు వస్తాయి, 1965 చట్టం అది. 5 లక్షల డాలర్ల కంటే ఎక్కువ వచ్చే డిస్ట్రిక్ట్ అందులో కనీసం 1 శాతం కుటుంబాలని కలుపుకునే పనులకే ఖర్చు పెట్టాలి. ఎలా ఖర్చు పెట్టాలో కుటుంబాలని కూడా అడగాలి. మీ స్కూలు అలాంటిదైతే సంవత్సరానికోసారి మీటింగ్ ఉంటుంది, వెళ్ళండి.

వ్యాఖ్యాత: స్కూల్లో సాయం చేయడానికి వెళ్ళాలంటే వాలంటీర్ ఫారమ్ నింపాలి కదా, అది ఎప్పుడు నింపాలి? నేను ఇంకా నింపలేదు.

అతిథి: ఈ రాత్రే నింపు. చాలా డిస్ట్రిక్టుల్లో బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే మన మీద పాత నేరాలేమైనా ఉన్నాయేమో అని, చేస్తారు, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఫీల్డ్ ట్రిప్ ముందు రోజు అడిగితే కుదరదు, పాప బస్సెక్కుతుంటే నువ్వు గేటు దగ్గరే ఉండిపోతావు. స్కూలుకి వెళ్ళేటప్పుడు ఐడీ కార్డు మర్చిపోకు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా ఆఫీసులో ముందే అడుగు, ఏ ఐడీ చూపించాలో చెప్తారు.

వ్యాఖ్యాత: మా అమ్మ మార్చిలో వస్తోంది. అష్టాచెమ్మా ఆడమంటే రాత్రంతా ఆడుతుంది.

అతిథి: అయితే రమ్మను. మా అత్తయ్య ఊరెళ్ళిపోయారు, ఈసారి ఆ టేబుల్ దగ్గర ఎవరూ లేరు. పిక్కలు నా దగ్గరే ఉన్నాయి, అట్ట కూడా. శనివారం వచ్చి పట్టుకెళ్ళు.

వ్యాఖ్యాత: వస్తాను అక్కా. పాపని కూడా తీసుకొస్తాను.