వర్క్‌షాప్ వ్యాక్యూమ్ క్లీనర్ ఎందుకు త్వరగా పాడవుతుంది?

[తెర మీద: మూత విప్పిన వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్, పక్కనే గొట్టం తగిలించిన ఆర్బిటల్ శాండర్]

నమస్కారం. చెక్కను రుద్ది నునుపు చేసే శాండర్‌కో, గాళ్లు తీసే రూటర్‌కో, చేతి రంపపు మెషినుకో తగిలించి దుమ్ము లాగడానికి వాడే వ్యాక్యూమ్ క్లీనర్ ఎక్కడెక్కడ, ఎందుకు చెడిపోతుందో ఈ వీడియోలో వివరంగా చూద్దాం. మన మార్కెట్లో తక్కువ ధరకు దొరికే వెట్ అండ్ డ్రై యంత్రాలలో ఎక్కువ భాగం అప్పుడప్పుడు కొద్దిసేపు నేల శుభ్రం చేసుకోవడానికి తయారైనవి. వాటిని గంటల తరబడి సన్నని దుమ్ము మధ్య నడిపించడంతోనే ఇబ్బంది మొదలవుతుంది.

[దృశ్యం: వైరుకు తగిలించిన క్లాంప్ మీటరు, ఒక చెయ్యి గొట్టం మూతిని మూస్తుంది]

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. గొట్టం మూసుకుపోగానే మోటారు హోరు పెరుగుతుంది కనుక, అది భారం మోయలేక అరుస్తోందని చాలామంది అనుకుంటారు. మీటరు వంక చూడండి: అరచేతితో గొట్టం మూయగానే కరెంటు పెరగడం లేదు, తగ్గుతోంది. ఫ్యాను నెట్టవలసిన గాలే లేనప్పుడు దానికి పని తగ్గిపోతుంది. లోపల ఉన్నది యూనివర్సల్ మోటారు కాబట్టి, భారం తగ్గిన కొద్దీ అది వేగం పెంచుకుంటుంది. ఆ వేగం వల్ల, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, బేరింగులు త్వరగా అరుగుతాయి.

కరెంటు తగ్గినప్పుడు వేడి కూడా తగ్గాలి కదా అనే సందేహం రావచ్చు. అది మోటారును చల్లబరిచే గాలి ఎటు నుంచి వస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఇళ్లలో వాడే పొడి రకం క్లీనర్లలో పీల్చిన గాలే మోటారు మీదుగా బయటికి పోతుంది. గొట్టమో, ఫిల్టరో మూసుకుపోతే ఆ చల్లదనం కూడా ఆగిపోతుంది, కాసేపటికి వేడెక్కితే మోటారును ఆపే థర్మల్ కటౌట్ పడిపోతుంది. అటువంటి యంత్రాన్ని శాండర్‌కు తగిలించకపోవడమే మంచిది. వెట్ అండ్ డ్రై రకంలో మోటారుకు నీటి తేమ తగలకూడదు కనుక, చల్లబరిచే గాలికి వేరే ఫ్యాను, వేరే దారి ఏర్పాటు చేస్తారు. దీన్నే బైపాస్ మోటారు అంటారు.

[దృశ్యం: మూత మీది గాలి కంతలు దగ్గరగా, లోపల పేరుకున్న ఎండీఎఫ్ దుమ్ము]

ఈ బైపాస్ మోటారుకున్న బలహీనత పెట్టె మీద ఎవరూ రాయరు. ఆ వేరే దారిలో వెళ్లే గాలికి ఫిల్టరు ఉండదు. వర్క్‌షాపులో తేలుతున్న దుమ్మంతా ఈ కంతల గుండా తిన్నగా మోటారు తీగ చుట్ల (వైండింగ్) మీదికి, బ్రష్‌ల మధ్యకు చేరుతుంది. అందుచేత యంత్రాన్ని కోత కోసే బల్ల కిందనే పెట్టకుండా, గొట్టం అందినంత దూరంలో, వీలైతే తలుపు పక్కన ఉంచాలి. అప్పుడప్పుడు ప్లగ్గు తీసేసి, ఈ కంతలను తక్కువ ఒత్తిడి గల గాలితో ఊదాలి.

ఇక ఫిల్టరు దగ్గరకు వద్దాం. ప్లైవుడ్ కోసినప్పుడు వచ్చే రంపపు పొట్టు పెద్దగా బాధించదు, అది డబ్బా అడుగుకు దిగిపోతుంది. కష్టమంతా చెక్క నార, జిగురు కలిపి నొక్కిన ఎండీఎఫ్ పలకల దుమ్ముతోను, తెల్ల సిమెంటుతో తయారైన వాల్ పుట్టీ దుమ్ముతోను వస్తుంది. పుట్టీ గోడను మెషినుతో రుద్దుతున్నప్పుడు మడతల కాగితపు ఫిల్టరు నిమిషాల వ్యవధిలోనే నిండిపోయి, లాగుడు పడిపోతుంది. ఆ ఫిల్టరును నేలకేసి కొడితే కాగితానికి కంటికి కనిపించని చిరుగులు పడి, సన్నని దుమ్ము ఫ్యాను వరకు పోతుంది. కడిగి, తడి ఆరకముందే బిగిస్తే లోపల మిగిలిన పుట్టీ గట్టిపడి ఆ ఫిల్టరు ఇక పనికిరాదు. డబ్బాలో ఫ్లీస్ గుడ్డ సంచి వేసుకోవడం దీనికి చక్కటి విరుగుడు. సంచికి డబ్బు పెట్టడం దండగ అనిపించవచ్చు కానీ, ఫిల్టరు, మోటారు రెండూ దాని వల్లనే నిలుస్తాయి.

లాగుడు ఎంత ఉంటే చాలు? దుమ్ము లాగే యంత్రాలకు వర్తించే ఈఎన్ 60335-2-69 ప్రమాణం ప్రకారం, మధ్యస్థ ప్రమాదం గల దుమ్ముకు ఉద్దేశించిన ఎం తరగతి యంత్రంలో గొట్టంలోని గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కంటే తగ్గితే హెచ్చరిక వినిపించాలి. 27 మిల్లీమీటర్ల గొట్టంలో ఆ వేగం నిలవాలంటే సెకనుకు 11 లీటర్లకు పైగా గాలి కదలాలి. మామూలు యంత్రాలలో అటువంటి హెచ్చరిక ఉండదు, లాగుడు ఎప్పుడు పడిపోయిందో పనివాడికి తెలియదు. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన గ్రంథంలోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది కనుక, ఈ తెలియకపోవడం యంత్రానికే పరిమితమైన నష్టం కాదు.

[దృశ్యం: ప్లాస్టిక్ బకెట్ మీద బిగించిన సైక్లోన్]

వ్యాక్యూమ్‌కు ముందు, గాలిని సుడి తిప్పి పొట్టును విడదీసే సైక్లోన్ పెట్టుకుంటే పొట్టులో చాలా భాగం బకెట్లోనే పడిపోతుంది. అయినా మెత్తటి దుమ్ము కొంత దాటిపోతూనే ఉంటుంది. పల్చటి పెయింటు బకెట్లు మాత్రం వాడకండి. గొట్టం మూసుకుపోయినప్పుడు లోపలి శూన్యత 20 కిలోపాస్కల్స్‌కు చేరితే, 30 సెంటీమీటర్ల వెడల్పు గల మూత మీద సుమారు 140 కిలోల బరువు పడినట్టవుతుంది. బకెట్ లోపలికి నొక్కుకుపోవడం అందుకే.

[దృశ్యం: యంత్రం మీది ఆటో స్టార్ట్ సాకెట్]

మోటారు తరువాత తరచుగా పోయేది ఈ సాకెట్టే. శాండర్ ఆన్ చేయగానే వ్యాక్యూమ్ దానంతట అదే మొదలవ్వడానికి లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, స్విచ్‌లా పనిచేసే ఒక ట్రయాక్ లేదా రిలే ఉంటాయి. సాకెట్ పక్కన రాసి ఉన్న వాట్ల పరిమితిని మించిన గ్రైండర్‌ను తగిలిస్తే, మొదలయ్యే క్షణంలో అది లాగే అధిక కరెంటుకు ఇవి దెబ్బతింటాయి. ట్రయాక్ షార్ట్ అయితే, ప్లగ్గు పెట్టగానే వ్యాక్యూమ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దీనికి తోడు గోడ సాకెట్ సంగతి కూడా చూసుకోవాలి. 1200 వాట్ల వ్యాక్యూమ్, 1300 వాట్ల రంపం కలిసి 230 వోల్టుల దగ్గర సుమారు 11 ఆంపియర్లు తీసుకుంటాయి. అది 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగింది కాదు, 16 ఆంపియర్లది కావాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కడం కూడా ఇక్కడే మొదలవుతుంది. నా అభిప్రాయంలో చవక యంత్రాలలోని ఈ సౌకర్యాన్ని నమ్ముకోవడం కంటే, వ్యాక్యూమ్‌కు విడిగా ఒక స్విచ్ పెట్టుకోవడమే మేలు.

ఇనుము కోసే గ్రైండర్‌ను మాత్రం, రంపపు పొట్టు ఉన్న డబ్బాకు ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించవద్దు. లోపలికి వెళ్లిన ఒక నిప్పురవ్వ పొట్టులో నిశ్శబ్దంగా రగిలి, పని ముగించి తాళం వేసుకుని వెళ్లాక మంటగా మారవచ్చు.

[దృశ్యం: విప్పిన మోటారు, కమ్యుటేటర్ దగ్గరగా]

మోటారు ఆగిపోయినప్పుడు ముందుగా బ్రష్‌లు చూడండి. అవి పొట్టిగా అరిగిపోయి, వాటికి ఆనుకుని తిరిగే రాగి పట్టీల వలయం, అంటే కమ్యుటేటర్, నునుపుగా ఉంటే బ్రష్‌లు మారిస్తే చాలు. కమ్యుటేటర్ చుట్టూ వలయంలా నిప్పురవ్వలు తిరుగుతూ, పట్టీలు నల్లబడి ఉంటే మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్ పోయిందని అర్థం. అప్పుడు మొత్తం మోటారు మార్చడమే చవక. మోటారు వ్యాసం, ఎత్తు, ఫ్యాన్ల సంఖ్య కొలిచి రాసుకుని వెళితే సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి బజార్లలో సరిపోయేది వెతుక్కోవడం తేలిక. కొత్తది బిగించేటప్పుడు దాని కింది రబ్బరు సీలును కూడా మార్చండి. పాత సీలు సందుల నుంచి, ఫిల్టరు చుట్టూ ఉన్న ఖాళీల నుంచి దుమ్ము దూరితే కొత్త మోటారు కూడా ఎక్కువ రోజులు ఆడదు.